చర్మం కింద చిప్

మీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న చర్మాన్ని రెండో చేత్తో పట్టుకుని కాస్త పైకి లాగి చూడండి. తేలిగ్గానే లేస్తుంది. అక్కడ ఎముక తగలదు, పెద్ద రక్తనాళాలు అడ్డురావు. ఒంట్లో చిప్ పెట్టించుకున్నవాళ్లలో ఎక్కువమంది ఎంచుకున్న చోటు ఇదే. అక్కడ సూదితో గుచ్చి, సూదిలో ఉన్న సన్నని గాజు గొట్టాన్ని చర్మం కిందికి తోసి, సూదిని బయటికి తీసేస్తారు. కొన్ని సెకన్ల పని. పైన ఒక చిన్న పట్టీ వేస్తారు. యూరప్‌లో, అమెరికాలో ఈ పని ఆసుపత్రుల్లో కన్నా ముక్కులూ చెవులూ కుట్టే దుకాణాల్లోనే ఎక్కువగా జరుగుతుంది.

ఆ సూది మనం ఎరిగిన ఇంజెక్షన్ సూది మాత్రం కాదు. 12 గేజి సూది అంటారు. బయటి మందం 2.7 మిల్లీమీటర్ల పైమాటే. 2 మి.మీ. మందం, 12 మి.మీ. పొడవు ఉన్న గొట్టం అందులోంచి జారాలి కదా! పత్రికల్లో ఈ చిప్ బియ్యపు గింజంత ఉంటుందని రాస్తుంటారు. మన సోనా మసూరి గింజ దీని పొడవులో సగం కూడా ఉండదు. కొలతలు ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. కరోనా టీకాల కాలంలో, టీకాతో పాటు ఒంట్లోకి చిప్ ఎక్కిస్తున్నారన్న పుకారు ప్రపంచమంతా తిరిగింది, మన ఊళ్లకీ వచ్చింది. టీకా సూది లోపలి బోలు అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఈ గొట్టం అందులో పట్టదు. పోనీ ఇంకా చిన్నది చేస్తేనో? సిలికాన్ ముక్కను చాలా చిన్నదిగా చెయ్యొచ్చు. దానికి కరెంటు అందించే తీగచుట్టను అంత చిన్నది చేస్తే అది బయటికి ఏమీ చెప్పలేదు. ఈ తీగచుట్ట సంగతి తెలిస్తే, చిప్‌కి ఏది చేతనవునో ఏది చేతకాదో సగానికి సగం తెలిసినట్టే.

గాజు గొట్టంలో ఉండేవి మూడే. ఒక ఫెరైట్ కడ్డీ, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ చుట్టలు, చివర ఒక సిలికాన్ చిప్. బ్యాటరీ లేదు. మామూలుగా అది నిర్జీవంగా పడి ఉంటుంది. నెలల తరబడి, ఏళ్ల తరబడి అలాగే పడి ఉన్నా దానికేమీ కాదు.

రీడర్ అనే పరికరం దగ్గరికి వచ్చినప్పుడే దానిలో చలనం. రీడర్‌లోనూ ఒక తీగచుట్ట ఉంటుంది. అందులో కరెంటు సెకనుకి కోటీ 35 లక్షల 60 వేల సార్లు అటూ ఇటూ ఊగుతూ పారుతుంది, 13.56 మెగాహెర్ట్జ్ అంటే అదే. అలా మారుతున్న కరెంటు చుట్టూ మారుతున్న అయస్కాంత క్షేత్రం పుడుతుంది. మారుతున్న క్షేత్రంలో మరో తీగచుట్ట ఉంటే దానిలో కరెంటు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. మీ వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పనిచేసేదీ ఆ సూత్రం మీదే. అక్కడ రెండు చుట్టలూ ఒకే ఇనుప చట్రం మీద ఉంటాయి. ఇక్కడ ఒకటి గోడ మీద, రెండోది మీ చేతిలో. అంతే తేడా. అలా పుట్టిన అతి కొద్ది కరెంటుతో చిప్ మేలుకుంటుంది.

మేలుకుంది సరే, జవాబు ఎలా చెబుతుంది? సొంతంగా రేడియో తరంగం పంపే శక్తి దానికి లేదు. నాకు ఈ సాంకేతికతలో అన్నిటికన్నా అందంగా తోచే ఘట్టం ఇదే. చిప్ తన చుట్ట మీది భారాన్ని లెక్క ప్రకారం పెంచుతుంది, తగ్గిస్తుంది. భారం పెరిగినప్పుడు అది రీడర్ క్షేత్రంలోంచి రవ్వంత ఎక్కువ శక్తి లాగుతుంది, తగ్గినప్పుడు తక్కువ. రీడర్ తన చుట్టలోని వోల్టేజిని గమనిస్తూ, ఆ సూక్ష్మమైన హెచ్చుతగ్గుల్ని ఒకట్లుగా సున్నాలుగా చదువుకుంటుంది. శక్తి ఇచ్చినవాడి దగ్గరే దాన్ని ఎంత వాడుకున్నానో చూపించి, దాన్నే మాటగా మార్చడం! ఒక్క ధ్వని లేదు, ఒక్క తరంగం సొంతంగా పంపింది లేదు.

ఈ ఏర్పాటులో ఒక పెద్ద పరిమితి ఉంది. తీగచుట్ట పుట్టించే క్షేత్రం దూరం ఘనానికి విలోమంగా క్షీణిస్తుంది. దూరం రెట్టింపైతే బలం ఎనిమిదో వంతు. నాలుగు రెట్లైతే అరవై నాలుగో వంతు. గాజు గొట్టంలోని చుట్ట అంత చిన్నది కాబట్టి, ఫోన్‌తో చదవాలంటే చేతిని ఫోన్‌కి ఆనించాల్సిందే. ఆనించినా ఒకోసారి పలకదు. ఫోన్‌లోని చుట్ట బల్లపరుపుగా ఉంటుంది, చేతిలోది కడ్డీకి చుట్టుకుని ఉంటుంది. రెండిటి దిశలూ కుదరాలి. కొత్తగా పెట్టించుకున్నవాళ్లు ముందుగా నేర్చుకునేది చేతిని ఏ కోణంలో పెట్టాలన్నదే.

మరి ఫాస్టాగ్ మాటేమిటి అని మీరడగొచ్చు. టోల్‌గేటు దగ్గర కారు అద్దం మీది స్టిక్కర్‌ని కొన్ని మీటర్ల దూరం నుంచే చదువుతున్నారు కదా, దానిలోనూ బ్యాటరీ లేదు కదా. నిజమే. అది 860 నుంచి 960 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తుంది. అక్కడ రీడర్ పంపిన తరంగమే తగిలి వెనక్కి వస్తుంది. కానీ ఆ తరంగాలకి నీళ్లంటే పడదు. మన కండలో ఎక్కువ భాగం నీరే. ఆ తరంగాల్ని అది పీల్చేసుకుంటుంది. ఫాస్టాగ్‌ని చర్మం కింద పెడితే టోల్‌గేటుకి అది దాదాపు కనిపించదు. తక్కువ పౌనఃపున్యం ఉన్న అయస్కాంత క్షేత్రానికి మాత్రం చర్మం, కొవ్వు పెద్ద అడ్డు కావు. అందుకే ఒంట్లో పెట్టే చిప్‌లన్నీ 13.56 మెగాహెర్ట్జ్ దగ్గరో, ఇంకా కింద 125, 134.2 కిలోహెర్ట్జ్ దగ్గరో ఆగిపోయాయి. కండను దాటాలంటే దూరాన్ని వదులుకోవాలి. ఉపగ్రహంతో మనిషి జాడ తీయడం ఈ చిప్ వల్ల కాదు. జీపీఎస్‌కి నిరంతరం కరెంటు కావాలి, ఆకాశం కనిపించే యాంటెన్నా కావాలి. ఆ రెండూ ఉన్న వస్తువు మన జేబులో ఉంది. దాని పేరు ఫోన్.

ఈ గాజు గొట్టాలు మనుషుల కోసం పుట్టినవి కావు. ముందు పశువులకి, పెంపుడు కుక్కలకి, పిల్లులకి వేశారు. 1996లో వాటికి అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది: 15 అంకెల సంఖ్య, మొదటి మూడు అంకెలు దేశానివి కావచ్చు, భారతదేశపు సంఖ్య 356. మన పల్లెల్లో గేదెలకీ ఆవులకీ చెవికి వేస్తున్న పసుపుపచ్చ బిళ్ల మీది 12 అంకెల సంఖ్య ఉద్దేశమూ అదే. చెవి బిళ్ల కంటికి కనిపిస్తుంది, చిప్ కనిపించదు.

మనుషుల్లో మొదటి పేర్లలో ఒకటి బ్రెజిల్ కళాకారుడు ఎడ్వర్డో కాట్జ్‌ది. 1997 నవంబరులో సావో పాలోలో, కుక్కలకి వేసే చిప్‌ని తన చీలమండ దగ్గర వేసుకుని, పెంపుడు జంతువుల జాబితాలో తన పేరే నమోదు చేసుకున్నాడు, జంతువుగానూ యజమానిగానూ. మరుసటి ఏడాది ఆగస్టు 24న ఇంగ్లండులో రీడింగ్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ కెవిన్ వార్విక్ ఎడమ చేతిలో చిప్ పెట్టించుకున్నాడు. ఆయన నడుస్తుంటే విభాగంలో తలుపులు తెరుచుకునేవి, దీపాలు వెలిగేవి. తొమ్మిది రోజుల తర్వాత తీయించేశాడు. వాళ్లిద్దరిదీ ప్రదర్శన, ప్రయోగం. 2005లో అమెరికాలో అమల్ గ్రాఫ్‌స్ట్రా అనే యువకుడు చేసింది వేరు. తాళంచెవుల గుత్తి మోయడం విసుగనిపించి, రెండు చేతుల్లోనూ చిప్‌లు పెట్టించుకుని, ఇంటి తలుపు, కంప్యూటర్ వాటితో తెరిచేలా సొంతంగా సర్క్యూట్లు కట్టుకున్నాడు. మరుసటి ఏడాది దాని మీద పుస్తకం రాశాడు. 2013లో ఇలాంటి చిప్‌లు అమ్మే డేంజరస్ థింగ్స్ అనే సంస్థ పెట్టాడు. ఫోన్‌తో చదవగలిగే, రాయగలిగే చిప్ మామూలు మనుషుల చేతికి వచ్చింది అప్పటి నుంచే.

'రాయగలిగే' అన్న దగ్గర కాసేపు ఆగాలి. పాత చిప్‌లలో ఫ్యాక్టరీలో వేసిన ఒక సంఖ్య ఉంటుంది, దాన్ని మార్చలేరు. ఇప్పుడు ఎక్కువగా వాడే ఎన్‌ట్యాగ్ 216 అనే చిప్‌లో మనం రాసుకోవడానికి 888 బైట్ల చోటు ఉంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగు అక్షరాల్ని యూనికోడ్‌లో భద్రపరిచే మామూలు పద్ధతిలో ప్రతి అచ్చుకి, హల్లుకి, గుణింతపు గుర్తుకి, పొల్లుకి విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. 'తెలుగు' అన్న మాటకే 18 బైట్లు. ఆ లెక్కన మొత్తం చోటులో 296 గుర్తులు పడతాయి. రెండు ఆటవెలదులు రాసుకోవచ్చు, మూడోది పట్టదు. ఫొటోలు, వైద్య నివేదికలు, బ్యాంకు ఖాతా చరిత్ర ఇందులో దాగి ఉంటాయనుకోవడం అందుకే పొరపాటు. జనం రాసుకునేవి ఒక వెబ్ చిరునామా, ఒక ఫోన్ నంబరు, ఆపద వస్తే ఎవరికి చెప్పాలన్న వివరం. తలుపుల తాళాలకైతే చాలావరకు ఆ 888 బైట్లతో పనే లేదు. చిప్ సంఖ్య ఒక్కటే చూస్తాయి.

రాయడంలో ఒక ప్రమాదం ఉంది. ఇలాంటి చిప్‌లలో 'ఇక మార్చడానికి వీల్లేదు' అని శాశ్వతంగా మూసేసే బిట్లు ఉంటాయి. వాటిని ఒకసారి ఒకటిగా మారిస్తే మళ్లీ సున్నా చేయలేం. దుకాణంలో అతికించే స్టిక్కర్‌కి అది మంచి ఏర్పాటు; ఎవరూ చెరపలేరు. ఫోన్‌లోని ఏదో యాప్‌లో పొరపాటున ఆ మీట నొక్కితే స్టిక్కర్ పీకి పారేసి కొత్తది అంటించుకుంటాం. అదే చిప్ చేతిలో ఉంటే, తప్పుగా రాసిన ఆ ఒక్క వాక్యం చర్మం కోసి తీయించుకునేదాకా మనతోనే ఉంటుంది. అలాగే సంకేతపదం పెట్టకుండా వదిలేస్తే, బస్సులో మన చేతికి ఫోన్ ఆనించిన ఎవడైనా అందులో తన వాక్యం రాసి మూసేయొచ్చు. మన ఒంట్లో ఉన్నంత మాత్రాన అది మన అధీనంలో ఉన్నట్టు కాదు. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

2010లో రీడింగ్ విశ్వవిద్యాలయానికే చెందిన మార్క్ గ్యాసన్ ఈ సంగతినే మరో వైపు నుంచి చూపించాడు. తన చేతిలోని చిప్‌లో కావాలనే ఒక కంప్యూటర్ వైరస్ రాశాడు. చేయి చూపించి తలుపు తెరిచే వ్యవస్థలోకి అది పాకగలదని నిరూపించాడు. వైరస్ వల్ల మనిషికి జ్వరం రాదు. కానీ అతను తాకిన యంత్రాలకి వస్తుంది.

ఇక వెరిచిప్ కథ. ఈ రంగంలో అత్యంత విలువైన పాఠం దానిలోనే ఉంది. అమెరికాలో ఫ్లోరిడాకి చెందిన ఈ సంస్థ 16 అంకెల సంఖ్య ఉన్న చిప్ తయారుచేసింది. రోగి స్పృహలో లేకపోయినా, చేయి స్కాన్ చేస్తే సంఖ్య వస్తుంది. దాన్ని కంప్యూటర్‌లో కొడితే వైద్య చరిత్ర వస్తుంది. ఆలోచన మంచిదే. 2004 అక్టోబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించింది. అదే ఏడాది బార్సిలోనాలో బాహా బీచ్ క్లబ్ తన ప్రత్యేక అతిథులకి దీన్ని వేసి, పానీయాల బిల్లు చేతి మీదనే తీసుకుంది. మెక్సికో అటార్నీ జనరల్ తనకూ తన కార్యాలయంలో కొందరికీ ఈ చిప్ వేయించానని ప్రకటించాడు.

అయితే, స్పృహ తప్పిన మనిషి ఏ ఆసుపత్రికి చేరతాడో ఎవరికి తెలుసు? ప్రతి ఆసుపత్రిలో ఆ రీడర్ ఉంటే తప్ప చిప్‌కి విలువ లేదు. చిప్‌లున్న రోగులు వేలల్లో వస్తే తప్ప ఆసుపత్రి రీడర్ కొనదు. వైద్య వివరాలు చెక్కి మెడలో వేసుకునే లోహపు బిళ్లకి ఏ రీడరూ అక్కర్లేదు, కళ్లు చాలు. 2006లో జోనాథన్ వెస్ట్‌హ్యూస్ అనే ఇంజనీరు ఆ చిప్‌కి నకలు చేసి చూపించాడు. అడిగినవాడికల్లా అది తన సంఖ్య చెప్పేస్తుంది, అడిగింది ఎవరో చూడదు. వింటే చాలు, అదే సంఖ్య పలికే మరో పరికరం చేసుకోవచ్చు. మరుసటి ఏడాది, ప్రయోగశాలల్లో ఎలుకలకి వేసిన ఇలాంటి చిప్‌ల చుట్టూ కొన్నిటిలో కణితులు వచ్చాయన్న పాత అధ్యయనాలు పత్రికలకెక్కాయి. ఆ ఎలుకల్లో కొన్ని కణితులు తేలిగ్గా వచ్చేలా పెంచిన జాతులవి. కుక్కలకి, పిల్లులకి లక్షల సంఖ్యలో వేసినా అలాంటి సంఘటనలు చాలా అరుదు. మనుషుల్లో ఆ ముప్పు రుజువు కాలేదు. కానీ నమ్మకం పోయింది. 2010లో వెరిచిప్ అమ్మకం ఆగిపోయింది. కొనుక్కున్నవాళ్ల చేతుల్లో చిప్ ఉండిపోయింది. కంపెనీ వెనక్కి తగ్గితే చర్మం కిందిది దానంతటది బయటికి రాదు.

ఆ తర్వాతి అంకం స్వీడన్‌లో జరిగింది. శరీరంలోకి యంత్రాన్ని ఎక్కించడం ఆ దేశానికి కొత్తకాదు. 1958 అక్టోబరు 8న ప్రపంచంలో మొదటిసారి గుండె పేస్‌మేకర్‌ని పూర్తిగా ఒంటి లోపల అమర్చింది స్టాక్‌హోమ్‌లోనే. 2015 నుంచి ఆ నగరంలోని ఎపిసెంటర్ అనే కార్యాలయ భవనంలో ఇష్టపడినవాళ్లు చిప్‌తో తలుపులు తెరుస్తూ వచ్చారు. 2017లో స్వీడన్ రైల్వే సంస్థ ఎస్‌జే, చేతిలో చిప్ ఉన్న ప్రయాణికుల టికెట్‌ని దాని ద్వారా తనిఖీ చేయడం మొదలుపెట్టింది. అదే ఏడాది ఆగస్టు 1న అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని రివర్ ఫాల్స్ అనే చిన్న ఊళ్లో, త్రీ స్క్వేర్ మార్కెట్ కంపెనీ ఉద్యోగుల్లో సుమారు 50 మంది ఆఫీసులోనే చిప్‌లు వేయించుకున్నారు. ఖర్చు కంపెనీదే. తలుపు తెరవడానికి, కంప్యూటర్‌లోకి వెళ్లడానికి, చిరుతిళ్లు కొనుక్కోవడానికి. ఎవరినీ బలవంతపెట్టలేదు.

బలవంతం లేకపోవడం ఒక్కటే చాలదని నా అభిప్రాయం. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఆఫీసు కార్డు మెడలో వేసుకుని తిరిగేవాళ్లకి ఈ సంగతి సులువుగా తెలుస్తుంది. ఏ తలుపు దగ్గర ఎప్పుడు కార్డు చూపారో, భోజనానికి వెళ్లి ఎంతసేపటికి తిరిగొచ్చారో ఆ కార్డులో ఉండదు. ఆఫీసు సర్వర్‌లో ఉంటుంది. చిప్‌తోనూ అంతే, నిఘా చేసేది తలుపూ, దాని వెనక ఉన్న పద్దూ. కాకపోతే కార్డుని ఇంటికెళ్లాక బల్ల మీద పడేస్తాం, ఉద్యోగం మానేసిన రోజు తిరిగిచ్చేస్తాం. జీతం ఇచ్చేవాడు 'మీ ఇష్టం' అన్నప్పుడు ఆ మాటని పూర్తిగా ఇష్టంగా తీసుకోగల ఉద్యోగి ఎంతమంది? పక్కసీటువాళ్లందరూ వేయించుకున్నాక వద్దనడం ఎంత కష్టమో ఆఫీసుల్లో పనిచేసిన ఎవరికైనా తెలుసు.

మరో చిక్కు కాలానిది. మెట్రో కార్డుల్లో, తలుపు కార్డుల్లో ప్రపంచమంతా వాడిన మైఫేర్ క్లాసిక్ అనే చిప్ రహస్య సంకేతాన్ని 2008లో నెదర్లాండ్స్‌లోని నైమెహెన్ పరిశోధకులు ఛేదించి చూపించారు. కార్డులైతే కొత్తవి పంచొచ్చు. 2021లో వాలెట్‌మోర్ అనే సంస్థ చేతిలోంచి డబ్బు చెల్లించే చిప్‌ని అమ్మకానికి పెట్టింది. బ్యాంకు కార్డుకి ఉన్నట్టే చెల్లుబాటు గడువు దానికీ ఉంటుంది. గడువు దాటాక అది చేతిలో పనికిరాని వస్తువు. దానిలోని రహస్య సంఖ్యల్ని మోసేవాడు మార్చుకోలేడు కూడా. అది మోసేవాడి చేతిలో ఉన్న బ్యాంకు వస్తువు. కూరగాయల బండి దగ్గర కూడా క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి చెల్లించే మన దేశంలో ఇంత కష్టం దేనికన్నది న్యాయమైన ప్రశ్న. వేళ్లలో పట్టు లేక తాళంచెవి తిప్పలేనివాళ్లకి, కార్డు పట్టుకోలేనివాళ్లకి మాత్రం ఇది నిజంగా మేలు చేయగలదు. వాళ్లని దృష్టిలో పెట్టుకునే ఈ పరిశోధన సాగితే బాగుంటుంది.

అయినా వేయించుకోవాలని ఉంటే, కొన్ని సంగతులు అడిగి తెలుసుకోండి. జంతువులకి వేసే చిప్ మనిషికి పనికిరాదు; దానిమీద కండ గట్టిగా పట్టుకోవడానికి సాధారణంగా ప్యారిలీన్ లాంటి పూత ఉంటుంది, తీయడం కష్టం. మనుషులకి వేసేవాటికి ఆ పూత ఉండదు, చిన్న కోతతో బయటికి వస్తాయి. సంకేతపదం మీరే పెట్టుకోవాలి, ఎక్కడైనా రాసి ఉంచుకోవాలి. రాసినదాన్ని మళ్లీ మార్చగలరో లేదో ముందే తేల్చుకోవాలి. ఎమ్మారై తీసేముందు డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. చిప్ ఉన్నచోట బొమ్మ చెదురుతుంది.

మన సుప్రీంకోర్టు 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల పుట్టస్వామి తీర్పులో, గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. తన శరీరం మీద తన నిర్ణయమే చెల్లాలన్నది ఆ హక్కులో భాగమేనని గుర్తించింది. ఆ మాటని చట్టంలో విడమరిచి రాయాలి: ఉద్యోగం కోసం, చదువు కోసం, రేషన్ కోసం, బెయిల్ కోసం ఒంట్లో చిప్ పెట్టించుకోమని ఎవరూ షరతు పెట్టకూడదు, వద్దన్నవాడికి ఏ నష్టమూ జరగకూడదు, వేయించుకున్నవాడు తీసేయమంటే వేయించిన సంస్థే ఖర్చు భరించాలి. అవసరం వచ్చినప్పుడు చూద్దాంలే అనుకోకూడదు. రివర్ ఫాల్స్ ఉద్యోగులకి 'మీ ఇష్టం' అని చెప్పక తప్పని చట్టం అప్పటికే ఒకటి ఉంది. మనిషికి బలవంతంగా చిప్ వేయించడాన్ని నిషేధిస్తూ, తప్పు చేసినవాళ్లకి రోజుకి పదివేల డాలర్ల వరకు జరిమానా పెడుతూ విస్కాన్సిన్ శాసనసభ దాన్ని 2006లోనే, పదకొండేళ్ల ముందే చేసి పెట్టుకుంది.